ఏ వీడియో గేమ్ రెట్రో, ఏది కాదు? నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పాత వీడియో గేమ్ యంత్రాలను బాగుచేయడం, ఆడటం, పాడవకుండా దాచడం నాకు ఇష్టమైన పని. ఆ సంగతి తెలిసినవాళ్లు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల నుంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మళ్లీమళ్లీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏది రెట్రో, అంటే పాతకాలపు ఆట, అన్నదాని మీద ప్రపంచంలో ఎక్కడా ఏకాభిప్రాయం లేదు. అందుకే కొన్నిచోట్ల నా అభిప్రాయం గట్టిగానే చెప్పాను.

ఎన్నేళ్లు దాటితే ఒక గేమ్ రెట్రో అవుతుంది?

ఇన్నేళ్లని ఎవరూ శాసించలేదు. పాత వస్తువులకు మన చట్టాల్లో లెక్కలున్నాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం శిల్పమో నాణెమో పురావస్తువు కావాలంటే కనీసం వందేళ్ల నాటిదై ఉండాలి. 2021లో సవరించిన మోటారు వాహన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారు, మోటార్‌సైకిల్ వింటేజ్ వాహనం. వీడియో గేములకు అలాంటి గీత లేదు. ఇంట్లో టీవీకి తగిలించి ఆడే మొదటి యంత్రం మాగ్నవాక్స్ ఒడిస్సీ వచ్చిందే 1972లో. పానగల్లు గుళ్ల శిల్పాలకు వర్తించే వందేళ్ల నియమం పెడితే ప్రపంచంలో ఒక్క వీడియో గేమ్ కూడా పాతది కాదు.

ఆటగాళ్లలో చాలామంది పదిహేను, ఇరవై ఏళ్లు అంటారు. ఒక యంత్రం తర్వాత కనీసం రెండు తరాల యంత్రాలు రావాలన్నది మరికొందరి మాట. ఇరవై ఏళ్లు అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ వయసొక్కటే చాలదు.

మరి వయసు కాక ఇంకేం చూడాలి?

తయారుచేసిన కంపెనీ దాన్ని వదిలేసిందా అన్నది చూస్తాను. తయారీ ఆగాలి, కొత్త ఆటలు రావడం ఆగాలి, చెడిపోతే బాగుచేసే దిక్కు కంపెనీ వైపు నుంచి ఉండకూడదు. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఇంటి గేమ్ యంత్రం ఫామికామ్ తయారీ 2003 దాకా సాగింది. మరమ్మతులు 2007లో ఆపేశారు. అప్పటి నుంచి దాన్ని బతికించే బాధ్యత పూర్తిగా ఆడేవాళ్లదే.

అంతకన్నా నేను పట్టించుకునేది మరొకటి ఉంది. ఆ కాలపు యంత్రానికి ఉన్న ఇరుకుతనం ఆట రూపంలో కనబడాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే ఫోనులో వచ్చే ఒక్క శుభోదయం బొమ్మ అంతకన్నా పెద్దది. ఫామికామ్ ప్రాసెసర్ పనిచేసుకోవడానికి ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. అంత తక్కువ చోటులో ఇమడ్చడానికి ఆకాశంలో మబ్బుకూ నేలమీద పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. మారియోకు మీసం, టోపీ వచ్చింది కూడా 1981 నాటి డాంకీ కాంగ్‌లో అంత చిన్న బొమ్మకు నోరు, జుట్టు గీసే వీలు లేకనే. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాటి వేగం పెరుగుతుంది. గీయాల్సిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్‌కు పని తేలికవడం వల్ల వచ్చిన వేగం అది. దాన్ని రూపొందించిన తొమొహిరో నిషికాడో ఆ వేగాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచారు. చివరి శత్రువును కొట్టేటప్పుడు చేతులు చెమటలు పట్టడానికి కారణం అదే.

ఈ రకంగా లేమి నుంచి ఆట పుట్టిన కాలం ఒకటి ఉంది. ఆ కాలపు గుర్తు ఒంటిమీద ఉన్న ఆటే నా దృష్టిలో రెట్రో.

ఫామికామ్ జపాన్‌లో 1983లో వచ్చింది, మా ఇంటికి 2000 ప్రాంతంలో వచ్చింది. ఏ సంవత్సరం లెక్కలోకి వస్తుంది?

యంత్రం వయసు అడిగితే 1983. మన ఆటల చరిత్ర అడిగితే 2000. రెండూ అవసరమే, ఒకదానికి బదులు మరొకటి చెప్పకూడదు.

ఈ ఎడం మీద మనం ఆలోచించాల్సింది చాలా ఉంది. 1994 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ వచ్చేసింది. సీడీలు, త్రీడీ బొమ్మలు మొదలయ్యాయి. మన వైపు చిన్న పట్టణాల్లో చాలా ఇళ్లకు ఆ తర్వాతే క్యాసెట్ పెట్టి ఆడే టీవీ గేమ్ చేరింది. అక్కడ అటకెక్కిన ఆట ఇక్కడ కొత్తదై, వీధిలోని పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. కాబట్టి అమెరికాలో నలభై అయిదేళ్లవాళ్లకు ఉన్న జ్ఞాపకం నల్లగొండలో ముప్ఫై అయిదేళ్లవాళ్లకు ఉంటుంది. విదేశీ పట్టికల్లోని సంవత్సరాలు చూసి "మనకు ఇది అప్పుడు లేదు కదా" అని తికమకపడే యువకులకు నేను చెప్పేది ఇదే: మీ జ్ఞాపకం తప్పు కాదు, ఆ పట్టిక మన కోసం రాసింది కాదు.

నా దగ్గర ఉన్నది అసలు నింటెండో కాదు, నకిలీ. అది రెట్రో కిందికి వస్తుందా?

వస్తుంది. ఈ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు.

లిటిల్ మాస్టర్ కావచ్చు, టెర్మినేటర్ కావచ్చు, పేరే లేని తెల్ల డబ్బా కావచ్చు. మన ఇళ్లలో టీవీ గేమ్ అనిపించుకున్నవాటిలో ఎక్కువభాగం ఫామికామ్‌కు తైవాన్, చైనాల్లో తయారైన నకళ్లు. పైకి సెగా మెగా డ్రైవ్ లాగానో, తర్వాతి రోజుల్లో ప్లేస్టేషన్ లాగానో కనబడినా లోపల ఉన్నది ఫామికామ్ పద్ధతే. క్యాసెట్ పెట్టే చోట 60 పిన్నులుంటే అదే దాని జాడ. ఫామికామ్‌ను అమెరికాలో ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మారు, ఆ యంత్రానికి 72 పిన్నులు. తర్వాత వచ్చిన చౌక యంత్రాలను విప్పితే విడివిడి చిప్పులు కనబడవు. మొత్తం యంత్రం ఒక్క చిప్పులోకి కుదించి, దానిమీద నల్లని జిగురు బొట్టు పోసి ఉంటుంది.

ఒకరి ఆటను అనుమతి లేకుండా అచ్చువేసి అమ్మడం న్యాయమని నేను అనను. కానీ ఏది న్యాయం అన్నది ఒక ప్రశ్న, ఏది చరిత్ర అన్నది ఇంకొక ప్రశ్న. రష్యావాళ్లు 1992లో వచ్చిన డెండీ అనే ఫామికామ్ నకలును, పోలండ్‌వాళ్లు పెగాసస్‌ను తమ బాల్యంలో భాగంగా ప్రేమగా దాచుకున్నారు. వాటి గురించి రాసుకున్నారు. మనం మాత్రం మన డబ్బాలను పాత సామాన్లవాడికి వేసేస్తున్నాం. సూర్యాపేటలోనో నారాయణపేటలోనో ఒక తరం మొదటిసారి తెరమీద బొమ్మను తన వేలితో కదిలించింది ఈ యంత్రాల మీదే. ఇంట్లో ఆడే ఆట కాబట్టి అక్కచెల్లెళ్లూ ఆడారు. అద్దెకు ఆడే దుకాణాల్లో ఆ వీలు చాలా తక్కువ.

మీ దగ్గర ఉంటే యంత్రంతో పాటు అట్టపెట్టె, బిల్లు, దుకాణం స్టిక్కర్ కూడా ఉంచండి. ఈ యంత్రాలు ఏ ఊరికి ఎప్పుడు చేరాయో చెప్పగలిగేవి ఆ కాగితం ముక్కలే.

క్యాసెట్ మీద 9999 ఆటలని ఉంటుంది. నిజంగా ఎన్ని ఉంటాయి?

చాలా తక్కువ. కొద్దిపాటి ఆటలనే పేరు మార్చి, ఒకసారి మొదటి దశ నుంచి, ఇంకోసారి అయిదో దశ నుంచి, మరోసారి ఎక్కువ లైఫ్‌లతో మొదలయ్యేలా చేసి పట్టిక పొడిగిస్తారు. ఓపికగా ఒక్కొక్కటే తెరిచి అసలు ఆటల జాబితా రాసుకోవడం పిల్లలకు మంచి సెలవుల పని. సాధారణంగా తగిలేవి మారియో, 1984 నాటి ఎక్సైట్‌బైక్, 1985 నాటి బ్యాటిల్ సిటీ, సర్కస్ చార్లీ, రోడ్ ఫైటర్, బాంబర్‌మ్యాన్.

కాంట్రా ఆటలో ముప్ఫై లైఫ్‌లు వచ్చే మీటల వరుస అన్ని క్యాసెట్లలో పనిచేస్తుందా?

పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. తర్వాత స్టార్ట్. అసలు కాంట్రాలో పనిచేస్తుంది. నకలు క్యాసెట్లలో కొన్నిటికి ముందే లైఫ్‌లు పెంచి అమ్మారు కాబట్టి వాటిలో దాని అవసరమే రాదు. ఈ వరుసను మొదట పెట్టింది కాంట్రాలో కాదు, 1986లో ఫామికామ్‌కు వచ్చిన గ్రాడియస్‌లో. ఆట మరీ కష్టంగా ఉండి తానే పరీక్షించలేకపోతున్నానని కొనామీ ఉద్యోగి కజుహిసా హషిమోటో దాన్ని చేర్చారు.

"ముస్తఫా" అసలు పేరేమిటి? అది రెట్రోనా?

క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన నాణెం వేసి ఆడే ఆట. నలుగురు నాయకుల్లో ఒకడు ముస్తఫా కైరో. టోపీ పెట్టుకుని ఎగిరి తన్నే అతని పేరే మన దేశంలో ఆట పేరైపోయింది.

రెట్రోలలో రెట్రో అది. ఇంట్లో ఆడే ఏ యంత్రానికీ అధికారికంగా రాలేదు. పైగా దాని అసలు సర్క్యూట్ బోర్డులో చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. గుప్తీకరించిన ప్రోగ్రామును చదివే తాళం ఆ బ్యాటరీ బలంతోనే నిలుస్తుంది. బ్యాటరీ అయిపోతే ఆట నడవదు. అలా మూగబోయిన బోర్డులను మళ్లీ బతికించే పద్ధతులను అభిమానులే కనుక్కున్నారు. ఆ ఆటను పోనివ్వనిది వాళ్లే.

ప్లేస్టేషన్ 1, 2, 3లలో ఏవి రెట్రో?

1994 నాటి మొదటిది రెట్రోనే. 2000లో వచ్చిన రెండోది కూడా రెట్రో అయిపోయింది. "నిన్నగాక మొన్న వైస్ సిటీ ఆడాం కదా, అప్పుడే పాతదా?" అని బాధపడేవాళ్లున్నారు. వైస్ సిటీ వచ్చింది 2002లో. ప్లేస్టేషన్ 2 తయారీ 2013 మొదటికల్లా ఆగిపోయింది. 15 కోట్లకు పైగా అమ్ముడైన యంత్రం కాబట్టి ఇంకా దొరుకుతూనే ఉంది, అందుకే పాతదనిపించదు.

ప్లేస్టేషన్ 2ను మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్ 2009లో దానిమీద విడుదలైంది. భారతదేశంలో పూర్తిగా తయారై కన్సోల్‌కు, అంటే టీవీకి తగిలించే గేమ్ యంత్రానికి, వచ్చిన మొదటి ఆటగా దానికి పేరు. హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర తయారుచేసిన దేశీ అడ్డాలో కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాల పోటీ ఉన్నాయి. నాకు వీటిమీద ఉన్న మమకారం మారియో మీద కూడా లేదు. మన పక్కన తయారైన ఈ డిస్కులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే దయచేసి పారేయకండి.

2006 నాటి ప్లేస్టేషన్ 3, 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360 నా లెక్కలో ఇంకా రెట్రో కావు. హెచ్‌డీఎంఐ తీగ, ఇంటర్నెట్ ద్వారా దిద్దుబాట్లు, రెండు బొటనవేళ్లతో కెమెరా తిప్పే తీరు, ఇవన్నీ నేటి ఆటల్లో ఉన్నవే. కానీ ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ దుకాణాన్ని 2024 జులైలో మూసేశారు. నా మాట త్వరలోనే మార్చుకోవాల్సి వస్తుంది.

కంప్యూటర్ ఆటల సంగతి?

డేవ్, 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ ర్యాష్ నిస్సందేహంగా రెట్రో. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో ఆ పరుగు అంత సహజంగా ఎందుకుంటుందంటే, జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే వీడియో తీసి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా చూసి బొమ్మలు గీశారు. కొత్త కంప్యూటర్లలో డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియాలను డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాముతో నడపవచ్చు.

తేల్చడం కష్టమైనది ఈఏ క్రికెట్ 07. 2006లో వచ్చింది, ఆ కంపెనీ తెచ్చిన చివరి క్రికెట్ ఆట అదే. వయసు ప్రకారం పాతదే. కానీ అభిమానులు కొత్త జట్లు, కొత్త జెర్సీలు, ఐపీఎల్ ఆటగాళ్ల పేర్లు చేరుస్తూనే ఉన్నారు. తయారుచేసినవాళ్లు వదిలేశారు, ఆడేవాళ్లు వదల్లేదు. పాతబడనివ్వని ఆటను రెట్రో అనడానికి నాకు మనసు ఒప్పదు.

నోకియా ఫోనులో పాము ఆట, జాతరలో కొన్న ఇటుకల ఆట కూడా లెక్కలోకి వస్తాయా?

రెండూ వస్తాయి. పాము ఆట 1997లో నోకియా 6110తో ప్రపంచమంతటికీ పరిచయమైంది, రాసింది తనేలి అర్మాంటో. ఇటుకల ఆటకు మూలం 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరల్లో బొమ్మల దుకాణాల్లో దొరికే చేతి యంత్రం కూడా ఆ వంశానిదే. టీవీ కొనలేని ఇంట్లోకీ వెళ్లగలిగింది కనుక దాన్ని చిన్నచూపు చూడకూడదు.

అసలు ప్రమాదంలో ఉన్నవి మీటల ఫోన్లలోని జావా ఆటలు. క్యాసెట్ ఉంటే వస్తువైనా మిగులుతుంది. ఇవి ఫోను లోపలే ఉండేవి, ఫోనుతోనే పోయాయి. పాత ఫోను అమ్మేముందు లోపల ఏముందో ఒకసారి చూడండి.

పాత తరహా బొమ్మలతో కొత్తగా వచ్చే ఆటలు?

అవి రెట్రో శైలి ఆటలు, రెట్రో ఆటలు కావు. 2014 నాటి షవల్ నైట్ అద్భుతమైన ఆట, కానీ అది చదరపు ముక్కల బొమ్మలను ఇష్టపడి ఎంచుకుంది. మినహాయింపు ఒకటి: 2019లో వచ్చిన మైక్రో మేజెస్ నిజమైన ఎన్‌ఈఎస్ యంత్రం మీదే నడుస్తుంది, అదీ మారియో లాగా 40 కిలోబైట్లలో. దానికి నేను నమస్కారం పెడతాను.

ఎమ్యులేటర్‌లో ఆడితే రెట్రో ఆడినట్టేనా? చట్టం ఏమంటుంది?

ఎమ్యులేటర్ అంటే పాత యంత్రంలా నటిస్తూ దాని ఆటలను కంప్యూటర్‌లోనో ఫోనులోనో నడిపే ప్రోగ్రాము. ఆట అదే, అనుభవం కొంచెం వేరు. ఆటను తెలుసుకోవడానికి ఎమ్యులేటర్ చాలా మంచి దారి.

చట్టం మాటకొస్తే, మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా చూస్తుంది. రక్షణ రచయిత జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు. కాబట్టి "పాతదైపోయింది, ఇక అందరిదీ" అన్న మాట నిజం కాదు. చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రాము పాడైపోకుండా రక్షణకు ఒక ప్రతి తీసుకోవడానికి మాత్రం అదే చట్టం వీలిస్తుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అధికారికంగా కొనుక్కోవడానికి దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. అమ్మనూ అమ్మరు, దాచనూ దాచనివ్వరు అన్న పరిస్థితి మీద నాకు బాధ, కోపం రెండూ ఉన్నాయి. హక్కుదారులు అమ్ముతున్నది ఏదైనా ఉంటే మాత్రం కొనుక్కునే ఆడండి.

టీవీ గేమ్‌ను కొత్త టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తోంది కానీ బాతులను కొట్టే గన్ పనిచేయడం లేదు. గన్ చెడిపోయిందా?

బహుశా లేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడుతుంది, తర్వాత బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం వస్తుంది. గన్ గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ తెలుపును సరిగ్గా ఆ క్షణంలో పట్టుకోవాలి. పాత డబ్బా టీవీ బొమ్మను వెంటనే గీస్తుంది. కొత్త టీవీ బొమ్మను లోపల సరిచేసి చూపేసరికి ఆ క్షణం దాటిపోతుంది. మారియో దూకడంలో తేడా అనిపించేదీ ఆ ఆలస్యం వల్లే. టీవీలో గేమ్ మోడ్ ఉంటే పెట్టండి, కొంత తగ్గుతుంది. గన్‌కు మాత్రం డబ్బా టీవీయే కావాలి. డబ్బా టీవీ వెనుక మూత మీరే విప్పకండి. ప్లగ్ తీసినా లోపల ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

క్యాసెట్ పెడితే గీతలు వస్తున్నాయి. ఊదితే సరిపోతుందా?

ఊదకండి. ఊదడం వల్ల బాగైందనుకుంటాం కానీ, బాగైంది తీసి మళ్లీ పెట్టడం వల్ల. నోటి తేమ రాగి పూతలను తినేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి పిన్నుల వరుస తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

మన వైపు అసలు శత్రువులు దుమ్ము, ఎండ, వోల్టేజీ. ఎండాకాలంలో రేకుల గది అటకమీద ప్లాస్టిక్ వంగిపోతుంది, కెపాసిటర్లు ఉబ్బుతాయి. బీరువా కింది అర మేలు. అమెరికా, జపాన్ల నుంచి బంధువులు తెచ్చిన పాత ప్లేస్టేషన్లను నేరుగా మన 230 వోల్టులకు తగిలించకండి. చాలావరకు అవి 120, 100 వోల్టులకు చేసినవి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పాత అడాప్టర్ పోతే వోల్టేజీతో పాటు ప్లస్, మైనస్ ఏ వైపో చూసి కొత్తది కొనండి. విడిభాగాలకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ ఇప్పటికీ మంచి చోటు.

పాత గేములకు లక్షలు వస్తున్నాయట. నాది ఎంతకు పోతుంది?

2021లో సీలు విప్పని సూపర్ మారియో బ్రదర్స్ ఒకటి 20 లక్షల డాలర్లకు అమ్ముడైన మాట నిజమే. అది అసలు ప్రతి, తెరవనిది, నిపుణులు గ్రేడు ఇచ్చినది. మన క్యాసెట్లకు అలాంటి ధర రాదు. వస్తుందని ఎవరైనా ముందుగా "రిజిస్ట్రేషన్ రుసుము" అడిగితే మోసమని గ్రహించండి.

మా పిల్లలకు పది, పన్నెండేళ్లు. ఏ ఆటతో మొదలుపెట్టమంటారు?

బ్యాటిల్ సిటీ. మనవాళ్లు ట్యాంకుల ఆట అనేది. ఇద్దరు ఒకే జట్టుగా ఆడతారు, ఒకరినొకరు ఓడించుకునే గొడవ లేదు. దశ చిన్నది, నియమం ఒక్క చూపులో అర్థమవుతుంది: మీ గూడును కాపాడుకోండి. మొదటి తెరమీద మూడో వరుసలో కన్‌స్ట్రక్షన్ అని ఉంటుంది. అది తెరిస్తే ఇటుకలు, ఉక్కు గోడలు, నీళ్లు, చెట్లు మీకు నచ్చినచోట పెట్టి సొంత మైదానం కట్టుకోవచ్చు. నకలు యంత్రంలో అది దాచుకునే వీలుండదు కాబట్టి పిల్లలకు ఒక గళ్ల నోటుబుక్కు ఇవ్వండి. 13 అడ్డ గళ్లు, 13 నిలువు గళ్లు గీసుకుంటే మైదానం సరిగ్గా సరిపోతుంది.